గూడుబండిలో బ్రైస్ కాన్యన్ పొద్దుపొడుపు

మా ఇంట్లో ఇప్పుడు ఆర్వీని ఆర్వీ అనం, గూడుబండి అంటాం. ఆ పేరు పెట్టింది మా మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల. ఆ పేరు ఎందుకొచ్చిందో, పోయిన అక్టోబరులో అమెరికాలోని బ్రైస్ కాన్యన్ అనే చోట ఒక తెల్లవారుజామున మాకు ఏం తెలిసొచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాం.

ముందే ఒక మాట. ఇది భార్యాభర్తలం ఇద్దరం కలిసి రాస్తున్నది. చెప్పేది ఇద్దరం, చేత్తో రాసేది ఒకరు. మాలో ఆయనది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు నోటికి వచ్చు గాని చేతికి రాదు. మాలో ఆమెది చిత్తూరు వైపు, చదివింది తెలుగు బళ్ళో. అందుకని రాతపని ఆమెది. కోయంబత్తూరులో స్థిరపడి ముప్పై అయిదేళ్ళు దాటింది. ఇందులో పుస్తకం తెలుగూ ఇంటి తెలుగూ కలిసిపోయి ఉంటాయి. మా బతుకే అట్లా కలిసిపోయింది, ఏం చేస్తాం!

మన వైపు ప్రతి తెలుగింటికీ ఒక వలస కథ ఉంటుంది. మా ఇంటి కథ ఇది. పైదేశంలో ఒక రాజు మా ఇంటి పిల్లను అడిగాడట. ఇవ్వనంటే బతకనివ్వడు, ఇవ్వడానికి మనసొప్పదు. రాత్రికి రాత్రి గూడుబండ్లు కట్టి, విత్తనాలూ కులదేవత పెట్టె ఎత్తుకుని దక్షిణానికి బయలుదేరారట. వెనక గుర్రాలు తరుముకొస్తుంటే ముందు ఏరు అడ్డమొచ్చింది. ఒడ్డున ఉన్న కానుగ చెట్టు వంగి వంతెనైందట, మన వాళ్ళు దాటగానే లేచి నిలబడిందట. అందుకే మా పల్లెలో పెద్దవాళ్ళు కానుగ కొమ్మ విరవరు.

ఈ కథ మా ఒక్క ఇంటిదే కాదని మాకు తెలుసు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ గారి 'గోపల్ల గ్రామం' నవల 1976లో వచ్చింది. అందులోనూ ఇట్లాంటి వలసే. చరిత్ర ఎంత, కల్పన ఎంత అనేది పండితుల సంగతి. మేం మాత్రం ఆ కథలో నుంచి ఒకటే నీతి తీసుకున్నాం. పిల్లను బయటివాళ్ళకు ఇవ్వకూడదు.

ఏడేళ్ళ కిందట మా అమ్మాయి ఫీనిక్స్‌లో ఒక అమెరికా అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. పెళ్ళికి మేం పోలేదు. వీసా దొరకలేదని ఊళ్ళో చెప్పుకున్నాం. అసలు అర్జీయే పెట్టలేదన్నది నిజం. ఇన్నాళ్ళకు ఇక్కడ ఒప్పుకుంటున్నాం.

పాప పుట్టాక ఆదివారం ఆదివారం ఫోను మొదలైంది. అమ్మాయితో మాట్లాడతాం, పాపతో "అవ్వా, తాతా" అనిపించుకుంటాం, పెట్టేస్తాం. ఆ అబ్బాయి అక్కడే ఉన్నట్టు తెలుస్తూనే ఉండేది. గిన్నెలు కడిగే చప్పుడో, దగ్గో వినబడేది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా "ఫోను అతనికివ్వమ్మా" అనలేదు. పోయిన ఏడు ఒకరోజు అమ్మాయి, "నేను రమ్మనడం ఇదే ఆఖరు నాయనా. ఇంక అడగను" అంది. గొంతులో కోపం లేదు. కోపం లేకపోవడమే మాకు భయం వేసింది. అప్పుడు వీసాకు పెట్టాం.

ఫీనిక్స్‌లో దిగిన వారానికి, మమ్మల్ని ఊరు చూపించాలని అమ్మాయీ అల్లుడూ ఒక ఆర్వీ బాడుగకు తీసుకున్నారు. చూడనివాళ్ళ కోసం చెబుతాం. లారీ లాంటి ముందుభాగం, దాని వెనక చిన్న ఇల్లు. పొడవు పాతిక అడుగులు. డ్రైవరు సీటు మీద అటక మాదిరి ఒక పడక, వెనక కొసన తలుపుతో ఇంకొక పడక. మధ్యలో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, సింకు, బీరువా అంత మరుగుదొడ్డి. అన్నం తినే బల్ల కిందికి దించి పరుపులు సర్దితే అదీ మంచమే. ఎక్కడానికి రెండు మెట్లు. వెనక పడక మాకిచ్చారు. అటక మీద అతను, బల్లమంచం మీద తల్లీ పిల్లా.

ఏడేళ్ళు ముఖం తప్పించుకు తిరిగిన వాళ్ళకు పాతిక అడుగుల ఇల్లంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. ఒకరు లేచి నిలబడితే ఇంకొకరు కూర్చోవాల్సిందే. అతను మాతో నెమ్మదిగా, మర్యాదగా ఇంగ్లీషులో మాట్లాడేవాడు. మేం ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్ళం. మిగతా మాటలన్నీ మాలో మేం తెలుగులో. పాప అతన్ని "నాయనా" అని పిలవడం విన్నాం. మా ఇంటి పిలుపు, అమ్మాయి నేర్పి ఉంటుందిలే అనుకున్నాం.

ఫీనిక్స్ నుంచి బ్రైస్ దాదాపు 700 కిలోమీటర్లు. ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా 89వ నంబరు రోడ్డు పట్టుకుని, నవాహో వాళ్ళ నేల దాటి, మొదటి రాత్రి పేజ్ అనే ఊళ్ళో ఆగాం. అక్కడ కొలరాడో నదికి కట్టిన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట ఉంది. దారిలో మాకు గడియారంతో తిప్పలు మొదలయ్యాయి. అరిజోనాలో వేసవికి గంట ముందుకు జరిపే అలవాటు లేదు. నవాహో నేలలో ఉంది. యూటాలో ఉంది. ఫోను తనంతట తానే గంట ముందుకూ వెనక్కూ దూకుతుంటే, మాలో ఆయన చేతి గడియారం ఫీనిక్స్ టైములోనే ఉండిపోయింది. మార్చననీ పట్టుబట్టాడు.

రెండో రోజు పొద్దున పేజ్‌లో క్యాంపు వదిలే ముందు బండి ట్యాంకులు ఖాళీ చేయాలి. ఆర్వీలో ఇది తప్పని పని. మరుగుదొడ్డి నీళ్ళకు ఒక ట్యాంకు, సింకు, స్నానం నీళ్ళకు ఇంకొకటి. లావుపాటి గొట్టం తగిలించి మొదట మరుగుదొడ్డిది వదలాలి, తర్వాత రెండోది వదిలితే ఆ నీళ్ళతో గొట్టం కడిగినట్టవుతుంది. అల్లుడు చేతికి తొడుగులు వేసుకుని ఒక్కడే చేసుకుంటున్నాడు. కుర్చీలో కూర్చుని చూస్తూ మాలో ఒకరు అన్నాం, "బండి బాగా తోల్తాడు. పనికి వంగుతాడు. మనిషి మంచోడే, ఏం లాభం, మనోడు కాదు." ఇంకొకరం అవునన్నాం. అతనికి ఆరడుగుల దూరంలోనే కూర్చుని అన్నాం. తెలుగులో గదా అని ధైర్యం.

పేజ్ నుంచి కనాబ్ మీదుగా ఉత్తరానికి పోయి, 12వ నంబరు రోడ్డుకు తిరిగాం. రెడ్ కాన్యన్ దగ్గర ఎర్ర కొండను తొలిచి రోడ్డు మీద రెండు కమానులు చేశారు. వాటి కిందుగా మా బండి దూరుతుంటే పాప చప్పట్లు కొట్టింది. సాయంత్రానికి బ్రైస్ చేరాం. అది 8,000 అడుగుల ఎత్తు, మన ఊటీ కంటే ఎక్కువ. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పార్కు లోపల నార్త్ క్యాంప్‌గ్రౌండ్‌లో పాండరోసా పైన్ చెట్ల మధ్య బండి నిలిపాం. అక్కడ బండికి కరెంటు తగిలించుకునే ఏర్పాటు లేదు. జనరేటరు రాత్రిపూట వేయకూడదు. బ్యాటరీ మీదే హీటరు ఫ్యాను తిరగాలి. అందుకని పెందలాడే దీపాలు తీసేసి పడుకున్నాం.

ఆ చీకట్లో పాప కథ చెప్పమంది. అమ్మాయి మా ఇంటి వలస కథే ఎత్తుకుంది. రాజు, పిల్ల, రాత్రి ప్రయాణం. "గూడుబండి అంటే?" అంది పాప. "బండి మీద ఇల్లు మాదిరి గూడు కట్టి ఉంటుంది. అందులోనే పడుకుంటారు, వండుకుంటారు." "ఇదే గదా గూడుబండి!" అంది పాప. అందరం నవ్వాం. చాలా రోజులకు ఒకే మాటకు అందరం నవ్వాం.

అంతలో పాప, "ఆ పిల్లను ఎందుకియ్యలా?" అంది.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "బయటోళ్ళకు ఇయ్యకూడదని. మన ఇంట్లో అట్నే. వద్దనుకుంటే ఎంత దూరమైనా పోతారు, పిల్లతో ఒక్క మాట మాత్రం అడగరు."

ఆ మాట చెప్పింది పాపకు కాదు. మాలో ఆయన వెనక పడక మీద నుంచి, "పొద్దున మీరు పోయి చూసి రండి. మేం రాము" అన్నాడు. తలుపు జరిపేశాడు. మాలో ఆమె ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక జవాబే. హీటరు ఫ్యాను ఆగుతూ తిరుగుతూ ఉంటే రాత్రంతా వింటూ పడుకున్నాం.

ఎప్పుడు పట్టిందో కునుకు, తలుపు మీద మెల్లగా వేలితో తట్టిన చప్పుడైంది.

"మామా... అత్తా... లేయండి. పొద్దు పుట్టేస్తాది. చలి గట్టిగా ఉండాది, స్వెట్టర్లు ఏసుకోండి."

మొదట అది కలేమో అనుకున్నాం. గొంతు అతనిది. మాట మాది. ఆంధ్రా తెలుగు కాదు, సినిమా తెలుగు కాదు. కోవిల్‌పట్టి పక్క పల్లెలో మా అత్తగారు మమ్మల్ని లేపే మాట. ఇద్దరం లేచి కూర్చుని, చీకట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక చూసుకున్నాం. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. పేజ్ ఊరు, కుర్చీలు, "మనోడు కాదు" అన్న మాట. రాత్రి చెప్పిన కథ. వారం రోజులుగా అతని ముందు అన్న ప్రతి మాట.

మాలో ఆయన గడియారం చూశాడు. అయిదు దాటలేదు. అదీ ఫీనిక్స్ టైమే. ఇక్కడ ఆరు కావస్తోంది. దాన్ని నమ్ముకుంటే పడుకునే ఉండేవాళ్ళం. ఏమీ మాట్లాడకుండా స్వెట్టర్లు వేసుకుని, మంకీ టోపీలు పెట్టుకుని దిగాం.

బయట సున్నా డిగ్రీల కింద చలి. మెట్టు మీద మంచు పొర. తల ఎత్తితే, అబ్బా, ఆ ఆకాశం! చీకటిని కాపాడే చోటుగా ఈ పార్కుకు 2019లో అంతర్జాతీయ గుర్తింపు ఇచ్చారు. ఎందుకిచ్చారో తెలిసింది. చిన్నప్పుడు పల్లెలో మిద్దె మీద పడుకుని చూసినన్ని చుక్కలు మళ్ళీ ఇన్నాళ్ళకు చూశాం. దక్షిణాన గొల్లకావడి నిటారుగా నిలబడి ఉంది. నడినెత్తిన పిల్లలకోడి. గడియారాలు లేని రోజుల్లో మా నాయన వాళ్ళు ఈ రెంటినీ చూసే ఎడ్లు కట్టేవాళ్ళు. మాలో ఆయన వేలెత్తి, ఎవరికీ అన్నట్టు కాకుండా, "గొల్లకావడి" అన్నాడు. వెనక నుంచి అల్లుడు "ఏదీ?" అన్నాడు. ఆయన మళ్ళీ చూపించాడు. ఆ రోజు వాళ్ళ మధ్య మొదటి మాట అదే.

క్యాంపు నుంచి సన్‌రైజ్ పాయింటు నడిచే దూరమే. అల్లుడు ఒక చేత్తో మడత కుర్చీ, ఇంకొక చేత్తో టార్చి పట్టుకున్నాడు. కుర్చీ మాలో ఆమె మోకాళ్ళ కోసం. అమ్మాయి పాపను దుప్పట్లో చుట్టి ఎత్తుకుంది. అంచు దగ్గర కమ్మీ వెంబడి అప్పటికే జనం చేరి ఉన్నారు. ఏయే దేశాల వాళ్ళో. అందరూ గుసగుసగానే మాట్లాడుతున్నారు, గుళ్ళో తెర తీసేదాకా కాచుకున్నట్టు.

ఫ్లాస్కులో డికాషన్ కాఫీ తెచ్చాడు. ఇంటి నుంచి మేం తీసుకుపోయిన స్టీలు లోటాల్లోనే పోసి ఇచ్చాడు, కోవిల్‌పట్టి కడలై మిఠాయి ముక్కలతో. అప్పుడు మాలో ఆమె అడిగింది.

"మా మాట నీకెట్లా వచ్చు?"

"మీ దగ్గిరే నేర్చుకున్నా అత్తా. ఆదివారం ఫోను స్పీకర్లో పెడతాది గదా. నేను గిన్నెలు కడగతా వింటా. మీరు పెట్టేసినాక, ఆ మాటకు అర్థమేమి అని ఈమెను అడగతా. నాలుగేండ్లాయె."

మేం ఒక్కసారీ పలకరించని మనిషి, మా గొంతుల నుంచే మా మాట నేర్చుకున్నాడు.

"మరి... మేం అన్నవన్నీ విన్నావా?"

అతను లోటాలోకి చూస్తూ నవ్వాడు. "విన్నా. 'బండి బాగా తోల్తాడు' అన్నారు. అది విన్నా."

ఆ వెనక మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే మేం ఏదో ఒకటి చెప్పుకుని బయటపడేవాళ్ళం. ఎత్తకపోయేసరికి దారి లేకపోయింది. మాలో ఆయన కాఫీ పూర్తిగా తాగి, లోటా కింద పెట్టి, "తప్పయింది నాయనా" అన్నాడు. పొలం గట్టు తగాదాల్లో కూడా ఆయన నోట ఆ మాట మేమెవరమూ వినలేదు. అమ్మాయి అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి.

అప్పటికి తూర్పు తెల్లబారింది. దూరంగా అక్వేరియస్ పీఠభూమి గీత మాదిరి తేలింది. మా కాళ్ళ కింద ఏముందో మెల్లగా కనబడసాగింది. కాన్యన్ అంటారు గాని అది నది కోసిన లోయ కాదు. పీఠభూమి అంచు తూర్పుకు తిరిగి, అరచంద్రాకారంలో విరిగి కూలుతూ వచ్చిన చోటు. అందులో వేలకొద్దీ రాతి స్తంభాలు. హూడూలంటారు. కొన్ని మనిషెత్తు, కొన్ని తాటిచెట్ల కంటే ఎత్తు.

సరిగ్గా ఏడున్నర ప్రాంతంలో పొద్దు పొడిచింది. మొదట కొనలు అంటుకున్నాయి. తర్వాత వెలుతురు స్తంభాల మీదుగా కిందికి జారింది. అంతవరకు బూడిద రంగులో ఉన్నవి ఒక్కటొక్కటే పసుపు, నారింజ, ఎరుపు అయ్యాయి. ఎండ తగిలిన గోడ మీద నుంచి వెలుతురు తిరిగి పక్క స్తంభం మీద పడుతుంది. అందుకని నీడలో ఉన్నవి కూడా లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయి. ఎవరూ అరవలేదు. కాసేపు ఫోటోలు తీసే చప్పుడు కూడా లేదు.

అల్లుడు బళ్ళో సైన్సు చెప్పే పంతులు. పాప అడిగితే ఆ రాళ్ళ సంగతి తెలుగులోనే చెప్పాడు, మాకు వినబడాలనే అనుకుంటాం. "ఇక్కడ యాభై మిలియన్ ఏండ్ల ముందు చెరువులు ఉండె. దాని అడుగు మట్టి రాయి ఆయె. సున్నపు రాయి. దాంట్లో ఇనుము తుప్పు ఉండాది, అదే ఎరుపు. రాయి సందులో నీళ్ళు దూరతాది. రాత్రి గడ్డ కడతాది, ఉబ్బతాది, రాయి పగలతాది. పగలు కరగతాది. ఏడాదిలో సగం రోజులు అట్నే. ముందు గోడ, తర్వాత గోడలో కిటికీ, కిటికీ కూలితే రెండు స్తంభాలు." నీళ్ళు దూరతాది అనకూడదు, దూరతాయి అనాలి. మేం దిద్దలేదు.

ఈ నేల మొదట పైయూట్ జనానిది. ఈ రాళ్ళు ఒకప్పుడు మనుషులేనని, చెడ్డగా నడుచుకున్నందుకు కొయోటీ అనే నక్క దేవుడు వాళ్ళను రాళ్ళు చేశాడని వాళ్ళ కథ. ఎర్రరంగు పూసిన ముఖాలు ఇంకా కనబడతాయంటారు. పార్కు పేరు మాత్రం ఎబెనేజర్ బ్రైస్ అనే స్కాట్లాండు వలసదారుది. వడ్రంగి. 1875లో ఈ పక్క వచ్చి కాపురం పెట్టి, 1880లో మళ్ళీ మూటలు కట్టుకుని అరిజోనాకు పోయాడు. అయిదేళ్ళే ఉన్నాడు, పేరు నిలిచింది. 1923లో దీన్ని జాతీయ స్మారక స్థలం చేశారు, 1928లో నేషనల్ పార్కు అయ్యింది. వందల ఏళ్ళుగా తమిళ దేశంలో ఉంటూ ఇంకా "మీరెక్కడివాళ్ళు?" అనిపించుకునే మాకు ఆ బ్రైస్ గారి అదృష్టం చూస్తే నవ్వొచ్చింది.

తిరిగి వస్తుంటే అమ్మాయిని అడిగాం, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని. "సిగ్గు అతనికి. ఒకసారి ఇక్కడ ఒక తెలుగువాళ్ళ పండక్కి పోతే ఇతని మాట విని నవ్వారు. ఇదేం తెలుగు, ఏ ఊరి తెలుగు అన్నారు. నా తెలుగు విని కూడా నవ్వారు. అప్పట్నుంచి ఇంట్లోనే, పాపతోనే" అంది.

ఆ నవ్వు మాకు కొత్త కాదు. తిరుపతిలో కొట్టువాడు "అరవోళ్ళా?" అంటాడు. కోయంబత్తూరులో "తెలుగువాళ్ళు గదా మీరు" అంటారు. మన మాట ఎవరి లెక్కలోనూ సరైన తెలుగు కాదు. అది మాతోనే పోతుందని మేం ఎప్పుడో నీళ్ళొదులుకున్నాం. అట్లాంటి మాటను ఒకడు సముద్రం అవతల గిన్నెలు కడుగుతూ ఏరుకున్నాడు. అతన్నే మేం మనోడు కాదన్నాం.

బండి దగ్గరికి వచ్చాక మాలో ఆమె అందరినీ కింద నిలబెట్టి తను ఒక్కతే పైకెక్కింది. పోపుల డబ్బాలో పసుపు ఉంది. ఆకువక్క అలవాటు కాబట్టి చేతిసంచిలో సున్నం డబ్బా ఎప్పుడూ ఉంటుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు కలిపి సున్నం వేసేసరికి ఎర్రగా తిరిగాయి. ఇంతకుముందు చూసి వచ్చిన ఆ రంగే. ఏడేళ్ళ కిందట మా గడపలో తీయాల్సిన ఎర్రనీళ్ళ ఆరతి, ఆర్వీ రెండు మెట్ల దగ్గర తీశాం. పేర్లు చెప్పందే లోపలికి రానివ్వమన్నాం. అమ్మాయి అతని పేరు చెప్పింది. అతను అమ్మాయిని మేం చిన్నప్పుడు పిలిచే ముద్దుపేరుతో చెప్పాడు. అదీ ఫోనులో విన్నదే. పక్క బండి నుంచి ఒక ముసలి జంట బయటికి వచ్చి, ఏమిటో తెలియకపోయినా, నిలబడి చూసి చేతులూపారు.

దిష్టి నీళ్ళు వీధిలో పోయాలి గదా. ఆమె పళ్ళెం పట్టుకుని చెట్టు దగ్గరికి పోతుంటే అల్లుడు కంగారుగా, "అత్తా, అత్తా, కింద పోయకూడదు! ఇది పార్కు" అన్నాడు. క్యాంపులో ఏ నీళ్ళూ నేల మీద వదలకూడదట. సరేనని సింకులో పోశాం. మా అమ్మాయి దిష్టి ఆర్వీ ట్యాంకులోకి పోయింది. మధ్యాహ్నం డంపు స్టేషనులో మామా అల్లుడూ ఇద్దరూ తొడుగులు వేసుకుని ఆ ట్యాంకు ఖాళీ చేశారు. ఒకరు గొట్టం పట్టుకుంటే ఒకరు మర తిప్పారు. మరుగుదొడ్డిది ముందా, సింకుది ముందా అని చిన్న వాదన కూడా అయ్యింది. తెలుగులోనే.

ఒక పొద్దుపొడుపుతో ఏడేళ్ళు చెరిగిపోయాయని మేం చెప్పం. అమ్మాయి పెళ్ళి ఫోటోల్లో మేం లేము, ఎప్పటికీ ఉండం. కొన్ని మాటలు గుర్తొస్తే ఇంకా ముఖం చెల్లదు. ఇట్లాంటి దూరం పెట్టుకున్న ఇళ్ళు మనలో చాలా ఉన్నాయని తెలుసు. వాళ్ళకు నీతులు చెప్పే అర్హత మాకు లేదు. మేం ఆలస్యంగా చేశామని మాత్రం చెప్పగలం.

వచ్చే పొంగలుకు ముగ్గురూ పల్లెకు వస్తున్నారు. కానుగ చెట్టు చూపించాలని పాప ఇప్పటి నుంచే అడుగుతోంది. ఇప్పుడు పాపకు కథ చెప్పేటప్పుడు దానికి రెండో సగం కూడా చెబుతున్నాం. వెనకటికి మన వాళ్ళు పిల్లనియ్యలేక గూడుబండి కట్టారు. తర్వాత మీ తాతా అవ్వా పిల్లను చూసుకోవడానికి గూడుబండి ఎక్కారు.

ఆదివారం ఫోను ఇప్పటికీ అదే వేళకు వస్తుంది. గిన్నెల చప్పుడు వినబడగానే మేం మొదట అడిగేది, "అబ్బాయి ఉండాడా? ఫోను ఇవ్వమ్మా" అని.